మా లేజర్ మీద నీ ఫిర్యాదు

పాదరక్షల చక్రవర్తి అన్నయ్యకి,

మా పెద్దడాక్టరు గారికి నువ్వు రాసిన ఫిర్యాదు నా చేతికే వచ్చింది. “నెల రోజులుగా మా చెల్లెలు నా అరికాలి షుగరు పుండు మీద ఎర్ర లైటు వేస్తోంది. వేడి లేదు, మంట లేదు, ఇదేం వైద్యమండీ?” అని అడిగావు. ఆ లేజర్ ఉన్నది కాల్చడానికి కాదు మహానుభావా, పుండు త్వరగా మానడానికి. ఆ పుండు సగం పూడుతోంది, మళ్లీ నోరు తెరుస్తోంది. నువ్వేమో తప్పంతా మిషన్‌దే అన్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు!

నిన్న నువ్వు బల్ల మీద గురకపెడుతుంటే, అనుమానమొచ్చి నీ బూటులో చెయ్యి పెట్టాను. నా వేలికి రక్తం వచ్చింది. ఊరందరి చెప్పులూ బాగుచేసే ఘనుడి సొంత బూటులో, సరిగ్గా పుండు తగిలే చోట, మేకు మొన పైకి లేచి ఉంది. పీకేశాను.

రేపు నీ చెప్పులన్నీ సంచిలో వేసుకుని రా. వాటిని చూశాకే లైటు వేస్తాను.

ఆ మేకు ఈ కవరులోనే పెట్టాను. ఒక్కసారి వేలితో నొక్కి చూడు, చటుక్కున వెనక్కి లాక్కుంటావు. షుగరుకి మొద్దుబారిన నీ కాలు మాత్రం నెల రోజులూ లాక్కోలేదన్నయ్యా.

నీ ఎర్రలైటు చెల్లెలు