నల్లకుక్క లేని సాక్ష్యం

మంగళవారం, వాట్‌గంజ్

ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నాను. ఫ్యాను కింద చెమటలు పోస్తున్నా, కళ్లు మూస్తే డార్జిలింగ్ కొండల్లోని ఆ తెల్లటి వాలే కనిపిస్తోంది.

నిన్న పొద్దున గైడుతో కొండెక్కడానికి బయల్దేరితే, లాడ్జి దగ్గర మా వెంటపడిన నల్లకుక్క నాకు కాస్త ముందుగా నడుస్తోంది. దారి మీది మంచు గట్టిగానే ఉందనుకున్నాను. మార్చి ఎండకి అది అడుగున కరిగిపోయిందనీ, కింద వాగు పారుతోందనీ తెలియదు. చప్పుడు కూడా పెద్దగా కాలేదు. కుక్క ఉన్నచోట గుంత ఉంది, అంతే. వెనకున్న గైడన్న నా బ్యాగు పట్టుకుని వెనక్కి లాగాడు. ఎంత పిలిచినా కింద నీళ్ల చప్పుడే.

అమ్మ అంతా విని, "దేవుడే నిన్ను కాపాడినాడే. ఆదివారం చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పాల" అంది.

"కుక్క గురించి కూడా చెప్తానమ్మా."

"కుక్క గొడవ అక్కడెందుకే? దేవుడు చేసింది చెప్పు, సాలు."

చెప్తే అందరూ స్తోత్రం అంటారు. నేనూ అనాలి. నా పాదం పడాల్సిన చోట దాని పాదం పడిందని చెప్పకుండా, ఏ నోటితో అనగలను...