డ్రోన్ వార్త కింద మా ఆయన ప్రశ్న

మంగళవారం, రెడ్డిగూడెం.

మామిడి తోటలకు డ్రోన్‌తో పురుగుమందు కొడుతున్నారన్న వార్త కింద పొద్దున నేనొక కామెంట్ పెట్టాను: "మా ఆయన చేసేది ఆ మందు కొట్టే పనే. ఇక మేం ఎలా బతకాలి?"

సాయంత్రానికి జనం రెండుగా చీలి కొట్టుకుంటున్నారు. "విషం పీల్చే పని పోతే మంచిదే కదా" అని ఒకరు, "పేదల పొట్ట కొట్టే సైన్స్ ఎందుకు" అని ఇంకొకరు. అన్నీ ఆయనకు చదివి వినిపించాను.

దగ్గు ఆగాక ఆయన, "ఇద్దరూ నిజమే అంటున్నారు. చదువు రానోళ్లకి కూడా ఆ డ్రోన్ నేర్పుతారేమో అడుగు" అన్నారు.

అడిగాను. వాదన ఇంకా సాగుతూనే ఉంది. ఈ ప్రశ్నకు మాత్రం ఎవరూ బదులివ్వలేదు.

"ఏమన్నా చెప్పారా?" అని ఆయన పడుకునే ముందు మళ్లీ అడిగారు.

"చూస్తున్నానండి" అన్నాను.