నీ కిడ్నీ భోజనానికొచ్చింది

రవీ,

ఈరోజు నీ సంవత్సరీకం. నీ ఆఫీస్ ఫ్రెండ్ ప్రకాష్‌ని భోజనానికి పిలిచాను. నువ్వు పోయిన రోజు, డయాలసిస్‌లో ఉన్న అతనికే నీ కిడ్నీ ఒకటి ఇమ్మని సంతకం పెట్టింది నేనే. అందుకే అతన్ని ఊరికే నమ్మను.

"నీళ్లు బాగా తాగుతున్నారా?" అన్నాను గుమ్మంలోనే.

"ఫుల్లుగా తాగుతున్నా వదినా."

అబద్ధమని ఎండిన పెదాలే చెప్పాయి. పార్సిప్పనీ ఊరి నుంచి ఇంత దూరం డ్రైవ్ చేసేవాళ్ల సంగతి నాకు తెలీదా? ట్రాఫిక్‌లో ఆపుకోలేనని నువ్వూ పొద్దున ఆఫీస్‌కి వెళ్లేముందు గుక్కెడు నీళ్లైనా ముట్టేవాడివి కాదు. చెత్త పడేసే వంకతో బయటికెళ్లి అతని కార్‌లోకి తొంగిచూశాను. వాటర్ బాటిల్ మూత కూడా తీయలేదు.

ఒంట్లో నీళ్లు తగ్గితే, కిడ్నీ తను వడగట్టిన నీళ్లను మళ్లీ రక్తంలోకి లాగేసుకుంటుందని డాక్టర్ చెప్పారు. మిగిలిన కాస్తా చిక్కగా, పచ్చగా దిగుతుందట. అంటే అతను హాయిగా పాటలు వింటూ వస్తుంటే, నువ్వు లోపల కూర్చుని చుక్క చుక్కా వెనక్కి లాగుతున్నావన్నమాట.

వద్దంటున్నా వినకుండా నీళ్లూ మజ్జిగా పోస్తూనే ఉన్నాను.

"మీరూ కూర్చోండి వదినా."

"మీరు కానివ్వండి," అన్నాను. ఈరోజు నీకు అందకుండా నేనెలా తింటాను?

చాలాసేపటికి లేచి వాష్‌రూమ్‌కి వెళ్లాడు. కిచెన్‌లో ట్యాప్ కట్టేసి, చెవి అటే పెట్టి నిలబడ్డాను.

ఫ్లష్ చప్పుడు వినిపించాకే కంచం పెట్టుకున్నాను.