వద్దంటే వద్దే

జులై 7, సోమవారం. ఉదయం 6:10

తొలి ఏకాదశి నిన్ననే వెళ్ళిపోయింది. మంచి పనికి మంచిరోజుతో పనిలేదని నలభై ఏళ్ళుగా వాదిస్తున్నవాణ్ణి, కాబట్టి ఈరోజే మొదలు.

పని: మనవరాలు యమునకు నలుగురితో మాట్లాడటం నేర్పడం.
గడువు: ఇరవై ఒక్క రోజులు.
కారణం: 28న నాగర్‌కర్నూల్ పఠన మందిరం కమిటీవాళ్ళు ఆమెను పిలిచి మాట్లాడతారు. పుస్తకాలు సర్దే ఉద్యోగం.

యమునకు ఇరవై రెండేళ్ళు. ఆటిజం ఉంది. నా రెండు బీరువాల్లో ఏ పుస్తకం అడిగినా చూడకుండా తీసిస్తుంది. పోయినేడు టైలరు షాపులో నాలుగు రోజులు పనిచేసింది. జాకెట్టు బాగా కుదిరిందా అని ఓ గిరాకీ అడిగితే, కుదరలేదని చెప్పింది. ఐదో రోజు రావద్దన్నారు. ఈ పని మాత్రం కావాలని మూడుసార్లు అడిగింది. ఆమె నోరు తెరిచి ఒకటి కావాలనడం నేను వినడం ఇదే మొదలు.

ముప్పై నాలుగేళ్ళు సాంఘిక శాస్త్రం చెప్పాను. ఇదెంత!

సాయంత్రం 5:00

రూతమ్మ వచ్చింది. వారానికి రెండుసార్లు వచ్చి బొమ్మల కార్డులతో యమునకు పాఠాలు చెప్పే టీచరు. నా ప్రణాళిక పద్దెనిమిది పేజీలు. మొదటి పేజీ చూసి టీపాయ్ మీద పెట్టేసింది.

"ఈ పిల్లకు చెప్తే రాదు సార్, చూస్తే వస్తది. మీరు ఎట్లుంటే గట్లనే నేర్చుకుంటది."

కళ్ళలోకి చూసి మాట్లాడమని బలవంతపెట్టవద్దని కూడా చెప్పింది. నాకేం అభ్యంతరం లేదు. పదకొండేళ్ళుగా నేనూ ఎవరి కళ్ళలోకీ చూడటం లేదు.

నేర్చుకునేది ఆమె, నియమాలు నాకు. రాసుకోక తప్పలేదు:
1. ఎదురుపడిన మనిషికి ముందు నేనే నమస్కారం పెట్టాలి.
2. ఎదుట లేని మనిషిని నిందించకూడదు.
3. ఇంటికొచ్చినవాళ్ళను చాయ్ అడగాలి.

తప్పితే యమున క్యాలెండరు మీద ఎర్రగీత పెడుతుంది. ఆమెకు మొహమాటం లేదు.

జులై 8. ఉదయం 7:30

వాకింగ్‌లో ఏడుగురికి నమస్కారం పెట్టాను. ఇద్దరు తిరిగి పెట్టారు. ఒకాయన ఆగి, ఒంట్లో బాగానే ఉందా అని అడిగాడు. ఎర్రగీతలు: సున్నా. మహాత్ముడు కావడం ఇంత తేలికని తెలిస్తే ఎప్పుడో అయ్యేవాణ్ణి.

జులై 10. ఉదయం 7:45

మలుపులో శంకరయ్య ఎదురయ్యాడు. మా బడిలోనే లెక్కల సారు. ఇప్పుడు పఠన మందిరానికి కార్యదర్శి. నేను పక్కనున్న వేపచెట్టుకు నమస్కారం పెట్టాను.

"తాతా, అది చెట్టు" అంది యమున. ఎర్రగీత ఒకటి.

ఈ డైరీ చదివేవాళ్ళకు న్యాయం తెలియాలి. ఇరవై ఎనిమిదేళ్ళు ఒకే స్టాఫ్‌రూములో ఒకే బల్ల దగ్గర అన్నం తిన్నాం. పదకొండేళ్ళ కింద కూతురి పెళ్ళికి నాకు కార్డు ఎలా పంపాడు? పాలవాడి చేత! గడప తొక్కి, బొట్టు పెట్టి పిలవలేదు. పాల ప్యాకెట్టుతో పాటు వచ్చిన పిలుపుకు ఎవడు పోతాడు? పోలేదు. అంతే, ఆ రోజు నుంచి మాటల్లేవు.

రాత్రి 9:00

ఇదంతా భోజనాల దగ్గర కోడలు సరితకు మళ్ళీ వివరించాను. ఎర్రగీత రెండు. చరిత్ర చెప్పడం నింద ఎలా అవుతుంది?

జులై 13, ఆదివారం

గీతలు తొమ్మిది. నా తప్పు సగమే. టీవీలో ఒక కవికి శాలువా కప్పారు. ఎనిమిది పంక్తులు చదివాడు, అందులో ఆరు 'ఓ' అనే అక్షరంతో మొదలయ్యాయి. ఊరుకోవడానికి నేను రాయినా?

మిగతావన్నీ శంకరయ్యవే. చాయ్ సాసర్లో పోసుకొని వీధి చివరిదాకా వినబడేలా జుర్రుతాడు. చక్కెర వేసుకోడు, వేసుకోనని వారానికోసారి ప్రకటిస్తాడు.

జులై 15. మధ్యాహ్నం 3:00

ఈరోజు అసలైన పాఠం. అతిథి చాయ్ వద్దంటే అది వద్దు కాదు. మన దగ్గర మొదటి వద్దు మర్యాద, రెండో వద్దు మొహమాటం. మూడోసారి అడిగితే గాని మనిషి నిజం చెప్పడు. యమున అన్నీ రాసుకుంది. నేను పుట్టుకతో టీచర్ని.

సాయంత్రం 6:20

రూతమ్మ ఫోను. యమున తన నోటుబుక్కు పేజీ ఫొటో తీసి పంపిందట. గొంతు ఎప్పటిలా లేదు.

"వద్దంటే వద్దే అని ఆడపిల్లకు నేర్పనీకె ఆర్నెల్లు పట్టింది నాకు. తను వద్దన్నా గంతే, ఎదుటోళ్ళు వద్దన్నా గంతే. మీరేంది సార్, మూడోసారి దాంక అడగమంటరా? రేపు ఎవడన్న ఈ పిల్లను మూడుసార్లు అడిగితే?"

రెండు బీరువాల పుస్తకాలు చదివినా ఈ సంగతి నాకు తట్టలేదు. యమున నోటుబుక్కులో ఆ పేజీ నేనే కొట్టేశాను. 'వద్దంటే వద్దే' అని రాసి కింద సంతకం పెట్టాను.

జులై 17. ఉదయం 7:40

రెండు రోజులుగా శంకరయ్య వాకింగ్‌కు రాలేదు. ఉన్నాడా, పోయాడా అని పేపర్ల బంకులో కనుక్కున్నాను. జలుబట. యమున చాలాసేపు ఆలోచించింది. ఇది నిందా, పరామర్శా అని అడిగింది. రెండూ అన్నాను. సగం గీత పెట్టింది.

జులై 20, ఆదివారం

గీతలు ముప్పై ఒకటిన్నర. జులై నెల కనబడటం లేదు. నియమాల్లోనే లోపం ఉంది. సవరణలు:
– నిజమైతే నింద కాదు.
– అవతలి ఫుట్‌పాత్ మీదున్నవాడు ఎదురుపడినట్టు కాదు.
– ఆదివారం సెలవు.

యమున ఒప్పుకోలేదు. ముప్పై రెండున్నర.

జులై 21

నమస్కారాలు ఆపేశాను. భుజం నొప్పి.

జులై 23, బుధవారం. మధ్యాహ్నం 1:15

సరిత నవ్వు ఆపుకోలేక సగం సగం చెప్పింది. పొద్దున యమున కుంకుమ బరిణె పట్టుకొని నేరుగా శంకరయ్య ఇంటికి వెళ్ళిందట. గడప తొక్కిందట. ఆయన భార్య సత్యమ్మకు బొట్టు పెట్టిందట. శంకరయ్యకు పెట్టిందట. నల్లా బాగుచేయడానికి వచ్చిన మహేందర్ అనే ప్లంబరుకూ పెట్టిందట. ఆదివారం నాలుగింటికి మా ఇంటికి చాయ్‌కి రమ్మని ముగ్గురినీ పిలిచిందట.

యమునను కూర్చోబెట్టి ఎందుకని అడిగాను. రూతమ్మ ఇచ్చిన బొమ్మల కార్డు ఒకటి తెచ్చి ముందు పెట్టింది. పైన 'స్నేహితుడు' అని ఉంది. కింద మూడు గుర్తులు. వేలు పెట్టి చూపిస్తూ చెప్పింది.

"మాటిమాటికి యాది చేస్తం. నువ్వు శంకరయ్య సారు పేరు యాభై ఎనిమిదిసార్లు అన్నవు. ఆయనకేం ఇష్టమో మనకు తెలుస్తది. సాసర్ల చాయ్, చక్కెర లేకుండ. కనపడకపోతే అడుగుతం. బంకుకాడ అడిగినవు." కార్డు తిరిగి సంచిలో పెట్టుకుంది. "నీకు ఇంకెవ్వరు లేరు తాతా. ఆయనొక్కడే."

దీనికి ఎర్రగీత ఎవరు పెట్టాలి?

జులై 26. మధ్యాహ్నం 2:00

రేపు ఇంట్లో ఉండకూడదని నిర్ణయించాను. బీచుపల్లి వెళ్ళి హనుమంతుణ్ణి చూసి చాలా రోజులైంది.

2:30

"పోండి మామా" అంది సరిత. "ఎల్లుండి కమిటీల ఆ సారే కూసుంటడు. పిల్ల పిలిస్తే మీరు మొఖం చాటేసిన్రని యాది పెట్టుకొనే మాట్లాడుతడు."

వెళ్ళడం లేదు.

జులై 27, ఆదివారం. సాయంత్రం 6:30

3:50కే మహేందర్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కాలో. బొట్టు పెట్టి పిలిచాక రాకుండా ఎలా ఉంటానని అన్నాడు. నాలుగింటికి శంకరయ్య, సత్యమ్మ. జుట్టు పూర్తిగా తెల్లబడింది. వాడిది.

యమున చాయ్ తెచ్చింది. మహేందర్ తాగుతానన్నాడు, దొరికింది. సత్యమ్మ తాగుతానంది, దొరికింది. శంకరయ్య మర్యాదకు, ఎందుకమ్మా, వద్దులే అన్నాడు. యమున సరేనని గ్లాసు, సాసరు లోపలికి తీసుకుపోయింది.

మళ్ళీ వస్తుందని వాడు వంటింటి వైపు చూశాడు. రాలేదు. మహేందర్ ఊదుకుంటూ తాగుతున్నాడు. ఆ వాసనకు శంకరయ్య ముఖం చూడాలి. పదకొండేళ్ళ పగ తీరింది. నవ్వు ఆగలేదు.

"నవ్వు, నవ్వు" అన్నాడు వాడు. "ఆనాడు నువ్వు చేసింది గిదే గద."

ఒక సంగతి ఈ డైరీలో రాయలేదు. కార్డు వచ్చిన సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. పెళ్ళి పనుల్లో తిరగలేకపోతున్నా, నువ్వు మాత్రం రావాలె అన్నాడు. నేను రాను అన్నాను. బతిమాలతాడని రెండో పిలుపు కోసం ఫోను పక్కనే కూర్చున్నాను. పెళ్ళి అయిపోయేదాకా కూర్చున్నాను.

"మల్లోసారి ఎందుకు అడగలే?" అన్నాను.

"రానంటివి. రావనుకున్న." లెక్కల సారు కదా, ఉన్నది ఉన్నట్టే కూడుకుంటాడు. గొంతు తగ్గించాడు. "మండపంల నీకు కుర్చీ పట్టి పెట్టిన. భోజనాలయ్యేదాంక ఎవ్వర్ని కూసోనియ్యలె."

వంటింటి గుమ్మంలో యమున నిలబడి వింటోంది. వాడు అటు తిరిగి చేయి చాపాడు.

"బిడ్డా, నాకు చాయ్ కావాలె."

వెంటనే తెచ్చింది. సాసర్లో, చక్కెర లేకుండా.

జులై 28, సోమవారం. మధ్యాహ్నం 12:40

కమిటీలో ఐదుగురు. ఈ పని నీకెందుకని ఒకాయన అడిగాడు. "పుస్తకాలు తప్పు జాగల ఉన్నయి, నాకు నిద్ర పడ్తలేదు" అంది. మళ్ళీ తనే అడిగింది: ఫ్యాను కిర్రుమంటోంది, బాగుచేస్తారా? శంకరయ్య అక్కడికక్కడే మహేందర్‌కు ఫోన్ చేశాడు. నల్లాలవాడు ఫ్యాన్లు చూడడని వాడికి తట్టలేదు. నెల రోజులు చూసి ఖాయం చేస్తామన్నారు. రేపటి నుంచి రమ్మన్నారు.

షరతు యమునది: రోజూ తాత వచ్చి దింపాలి. రోజూ శంకరయ్య ఎదురుపడతాడు.

జులై 29. మొదటి రోజు, కొత్త క్యాలెండరు. ఉదయం 9:55

పఠన మందిరం మెట్లు. నియమం ఒకటే: ముందు నేనే నమస్కారం పెట్టాలి. చేతులు సగందాకా లేపాను. ఈలోగా వాడే పెట్టేశాడు. ప్రతిదానికీ వాడికి తొందరే.

ఇది నింద కిందికి వస్తుందా అని యమునను అడిగాను.

వస్తుందట.

రేపు మళ్ళీ మొదటి రోజు. తొమ్మిది యాభైకే పోయి నిలబడతాను.