లవ్‌డే అనే పేరు పెట్టుకున్న పాపానికి నన్ను ఒడ్డున కట్టిపడేయడం గురించి

పోర్త్‌కెలిన్ రేవు అధికారి గారి సముఖమునకు,
ఐసు కొట్టు కూలీ లవ్‌డే ట్రెవాస్కిస్ రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: జాగో కిట్టో గారి చేపల పడవలో పనికి పోవుటకు నాకు అనుమతి ఇప్పించుట గురించి.

1. నా పేరు వినగానే వేసవికి వచ్చే లండన్ జనం ప్రేమికుల రోజు అనుకుని నవ్వుతారు. ఆడపిల్ల పేరు కదా అంటారు. మన కార్న్‌వాల్‌లో ఇప్పుడు ఎక్కువగా ఆడవాళ్ళకే పెడుతున్న మాట నిజమే గానీ, వెనకటికి మగవాళ్ళకూ ఉండేది. పగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని రాజీపడే రోజును పూర్వం అలా అనేవారు. ఆ రోజు పుట్టిన బిడ్డకు అదే పేరు. 'లవ్' నొక్కి పలికి 'డే' తేలిగ్గా వదిలేయాలి. మన రేవులో అలా పిలిచినవాడు లేడు. గొడవ రాగానే కొండ అవతలికి వినబడేట్టు 'లవ్‌డేఏఏ' అని సాగదీస్తారు.

2. సీజను మొదట్లో, తగవులున్నవాళ్ళు ఆ పేరుగల మనిషి ఎదుట చేతులు కలిపాకే పడవ ఎక్కాలన్నది మన ఆనవాయితీ. లేకుంటే వల చిరుగుతుందట. ఇన్నాళ్ళూ లవ్‌డే ముసలమ్మ ఆ పని చూసేది. ఆమె ప్లిమత్‌లో కూతురి దగ్గరికి పోయాక ఆ పేరుతో మిగిలింది నేనొక్కణ్ణే. నాకు రాజీ చేయడం రాదు. నాకు వచ్చింది కోపం ఒక్కటే.

3. ఉదాహరణకు, మోర్వెన్నా గారు మేపి మచ్చిక చేసిన సముద్రపు పిట్ట ఒకటి టామ్సిన్ గారి చేతిలోని పేస్టీని, అదే మాంసం కూరిన కజ్జికాయ లాంటి రొట్టెను, ఎత్తుకుపోయింది. పిట్ట ఎవరిదో తేల్చమన్నారు. పిట్ట ఎవరిదీ కాదు, బుద్ధి మాత్రం ఇద్దరికీ లేదన్నాను.

"వీడి నోరు చూశావా టామ్సిన్" అంది మోర్వెన్నా.

"వీళ్ళ నాన్నదీ ఇదే నోరు వదినా. పద, టీ తాగుదాం" అంది టామ్సిన్.

చేతులు పట్టుకుని వెళ్ళిపోయారు. రాజీ బాగా కుదిర్చానని తమరు మెప్పు కూడా పంపారు. ప్రతి తగవూ ఇంతే. నన్ను తిట్టడంలో ఇరుపక్షాలూ ఏకమవుతున్నాయి. తిట్లు నాకు, శాంతి రేవుకు.

4. జాగో గారు తన పడవలో చోటిస్తానన్నారు. నాకు చిన్ననాటి కోరిక. ఊహ తెలిసినప్పటి నుంచీ ఐసులో పడుకున్న చేపల్నే చూస్తున్నాను. ఒక్కసారి బతికున్న చేపను చూడాలని ఉంది. తమరేమో, లవ్‌డే పోతే ఒడ్డున దిక్కెవరని సంతకం ఆపారు. సోమవారం పడవ వెళ్ళిపోతుంది.

కావున నా పేరును కాక నన్ను మనిషిగా చూసి సెలవిప్పించవలెనని, అర్జీలో కోపం కనబడితే అది నిజమేనని చిత్తగించవలెను.

తమ విధేయుడు, వేరే దారి లేక,
లవ్‌డే ట్రెవాస్కిస్

తా.క.: ఇది మడుస్తుండగా ఐసు కోసం వచ్చిన తమ గుమాస్తా అసలు సంగతి చెప్పాడు. పడవ కట్టుకునే చోటు దగ్గర మాటామాటా వచ్చి తమరికీ జాగో గారికీ పలకరింపులు లేవట. సంతకం ఆగింది అందుకట. సరే. గురువారం పొద్దున్నే ఇద్దరూ ఐసు కొట్టుకు రండి. కుర్చీలు లేవు, ఐసు దిమ్మల మీద కూర్చోవాలి. చేతులు కలిపేదాకా లేవనివ్వను. నన్ను ఎంతైనా తిట్టుకోండి, కాకపోతే కలిసి తిట్టండి. సంతకానికి కలం నేనే తెస్తాను.