భోజనాల గది తలుపు

మేనేజరు బాబుకి,

కిటికీ పక్క మంచం ముసలామె వంటమనిషి చేత రాయించేది ఏమనగా:

మన వృద్ధాశ్రమం భోజనాల గది తలుపుకు, దానంతటదే మూసుకునే యంత్రం పెట్టించారు. కాదనను. కానీ బిగించినవాడు దాని వేగం సరిచేశాడా? తను రెండు అంగల్లో దాటేసి "బ్రహ్మాండం" అని పోయాడు. చేతికర్రతో నడిచే మా చెల్లెలు గుమ్మం దాటేలోపే ఆ తలుపు ధడాలున వచ్చి నడుం మీద కొట్టింది. చెల్లెలు పడిపోయింది. మీరేమన్నారు? "అమ్మమ్మకి ఇక నడక కుదరదు, మంచం పట్టినవాళ్ల గదికి మార్చేస్తాం" అన్నారు.

ఏం బాబూ, తలుపు చేసిన తప్పుకి మనిషికా శిక్ష?

"కాస్త మెత్తగా రాద్దాం పెద్దమ్మా" అంటోంది వంటమనిషి. నేను అన్నది అన్నట్టే రాయమన్నాను.

ఆ బిగించినవాణ్ణి మళ్లీ పిలిపించండి. స్క్రూ తిప్పి తలుపును నెమ్మది చేయించండి. ఆ తర్వాత మా చెల్లెలు తన కర్రతో, తన నడకతో గుమ్మం దాటుతుంది. మీరు నిలబడి చూడండి. నా పక్క మంచం మాత్రం తనదే.

అప్పటిదాకా ఆ తలుపు మూసుకోదు. అడ్డంగా కుర్చీ వేసుకుని నేనే కూర్చున్నాను. ఆ అడ్డు తియ్యాలంటే కుర్చీతో సహా నన్నూ ఎత్తాలి.

వేలిముద్ర కూడా ఇక్కడినుంచి లేవకుండానే వేస్తున్నాను.