పళ్లెం మీద వేలు

శ్రీమతికి,

ఇక్కడ నేనూ, అబ్బాయీ, కోడలూ కులాసా. నువ్వూ, నీ వార్డులోని పసివాళ్లూ కులాసాగానే ఉన్నారనుకుంటూ రాస్తున్నాను. నువ్వడిగినవి ముందు చెబుతాను. మోకాలి నొప్పి తగ్గింది. వేళకే తింటున్నాను. వంటింటి కుళాయి కారడం లేదు, నేనే బిగించాను.

ఇక అసలు సంగతి. పసిపిల్లల్ని తూచే త్రాసు సరిగ్గా ఉందో లేదో ఇంట్లోనే ఎలా చూసుకోవాలో, నర్సు ఉద్యోగానికి ఆ ఊరు వెళ్లేముందు మన త్రాసుల రిపేరు కొట్టు సైటులో ఒక పేజీ రాసిపెట్టావు కదా. ఆస్పత్రి సామాన్ల కంపెనీవాళ్లు దాన్ని తమ సైటుకు ఇచ్చెయ్యమంటున్నారనీ, వాళ్ల సైటు స్కోరు డెబ్బై, మనది పన్నెండేనట అనీ, "మీరేమంటే అదే" అనీ రాశావు.

ఆ పన్నెండు చూసి రెండు రోజులు ముఖం వేలాడేసుకుని తిరిగాను. నూటికి పన్నెండంటే బడిలో బెంచీ ఎక్కించేవాళ్లు. కోడలు చెప్పినట్టుంది, ఎదురు టీకొట్టాయన ఊరుకుంటాడా? "ఏం మేస్త్రీ, ఊరందరి తూకాలూ సరిచేస్తావు, నీ కొట్టుకే తూకం తగ్గిందటగా!" అని వీధంతా వినబడేలా అరిచాడు.

సైటు చూసుకునేది కోడలే కాబట్టి, ఆమెనే కూర్చోబెట్టి అడిగాను.

"నెట్‌లో వెతికేవాళ్లకు ఎవరు ముందు కనబడతారో అంచనా కట్టే మార్కులివి. సైటు స్కోరంటే ఇంటిపేరుకున్న పరపతి మామయ్యా. పేజీ స్కోరంటే ఆ ఒక్క మనిషికున్న పరపతి. అత్తయ్య పేజీకి ముప్పై ఎనిమిది ఉంది."

"ఇంటికి పన్నెండు, మనిషికి ముప్పై ఎనిమిదా?"

"నర్సులూ, పిల్లల తల్లులూ తమ సైట్లలోంచి నేరుగా ఆ పేజీకే లింకులిచ్చారు. మన రిపేర్ల పేజీలకు ఎవరిచ్చారు చెప్పండి?"

"మరి పెద్దింటికి పంపితే?"

"పెద్దింటి అండ కొంత ఉంటుంది, కాదనను. ఇంటిపేరు మారినంత మాత్రాన మర్నాటికే పరపతి రాదు కదా. పైగా ఈ లింకులన్నీ మన చిరునామాకే వస్తాయి. కొత్త చోటికి దారి మళ్లించకపోతే అందరూ తలుపు తట్టి వెనక్కి పోతారు. అయినా ఈ స్కోర్లు వెతికిపెట్టే సైటువాళ్లు వేసినవి కావు మామయ్యా. బయటి కంపెనీల అంచనా, ఒకరితో ఒకర్ని పోల్చుకోవడానికి."

అంచనా అనగానే ప్రాణం కుదుటపడింది. రాయి వేసి తూచింది కాదన్నమాట.

అయినా నీ మంచికోరి, ఇచ్చెయ్యమనే రాద్దామని కాగితం తీశాను. రాయలేకపోయాను. ఎందుకో చెప్పడానికి మొహమాటంగా ఉంది. నువ్వు వెళ్లిన దగ్గర్నుంచీ, పొద్దున్న షట్టర్ ఎత్తగానే ఆ పేజీ తెరిచి చదువుతున్నాను. "తూచేముందు బిడ్డతో ఒక మాట మాట్లాడండి. బిడ్డ కుదురుకుంటే ముల్లూ కుదురుకుంటుంది" అని రాశావు చూడు, అక్కడ నీ గొంతు వినబడుతుంది. అది చదివితేగానీ పనిముట్లు ముట్టబుద్ధి కాదు.

స్కోరు సంగతి తెలిశాక ఈ అలవాటు వల్లే కొత్త భయం పట్టుకుంది. రోజూ తెరిచి తెరిచి, దొంగతూకానికి పళ్లెం మీద వేలు పెట్టినట్టు, నేనే దాన్ని పెంచేశానేమో? ఈ చేత్తో అలాంటి పని ఎన్నడూ చెయ్యలేదు. చివరికి కోడలితో, ఎవరి గురించో అన్నట్టు, "ఒక్కరే రోజూ చూస్తుంటే ఆ స్కోరు పెరుగుతుందా?" అన్నాను.

"పెరగదు మామయ్యా, దానికి లింకులే ముఖ్యం. అయినా షట్టర్ చప్పుడు కాగానే ఆ పేజీకి వచ్చే ఆ ఒక్కరెవరో నాకు తెలుసులెండి" అని లోపలికి వెళ్లిపోయింది. లోపల్నుంచి అబ్బాయి నవ్వూ, తన నవ్వూ వినబడ్డాయి.

కాబట్టి నా మాట ఇది. పేజీ ఇవ్వొద్దు. వాళ్లకంత నచ్చితే తమ సైటులోంచి దానికి లింకు ఇమ్మను. నీకూ పరపతి, నీ పుణ్యాన ఈ పన్నెండు మార్కుల కొట్టుకూ కాస్త. అయినా రాసింది నువ్వు, చివరిమాట నీదే. ఇచ్చేస్తానంటే మాత్రం ఒకరోజు ముందు చెప్పు. బిడ్డతో మాట్లాడమన్న ఆ వాక్యం ఒక్కటైనా కాగితం మీద రాసుకుంటాను. పొద్దున్నే పనిముట్లు పట్టుకోవాలి కదా.

ఇట్లు,
పళ్లెం మీద వేలు పెట్టని
నీ ఇంటాయన